చిటికెన వేలు ముట్టొద్దు

పార్లర్ పెట్టుకోవాలనుకునే ఆడపిల్లలు ఇప్పటికీ నా ఇంటికి వస్తుంటారు. నేను దుకాణం మూసి ఎక్కువ కాలం కాలేదు కాబట్టి పేరు ఇంకా చెల్లుబాటవుతోంది. వచ్చినవాళ్లు మొదట అడిగేది ఏ కంపెనీ క్రీము మంచిదని. రెండోది, కుర్సీలు ఎక్కడ కొనాలని. నేను చాయ్ పోసి కూర్చోబెడతాను. క్రీము సంగతి అమ్మేవాడు చెబుతాడు, అవసరానికి మించే చెబుతాడు. నేను చెప్పాలనుకునేది వేరే ఉంటుంది. చాయ్ అయిపోయేలోపు అది పూర్తి కాదు, వాళ్లకు బస్సు టైమవుతుంది.

అందుకే రాస్తున్నాను. ఈ పనిలో మొఖం పాడైతే వారంలో బాగవుతుంది. పెళ్లింట్లో ఒక మనిషి మనసు విరిగితే మాత్రం రాయడానికి ఏ క్రీమూ లేదు. ఆ సంగతి నాకు నేర్పినామె సరోజనక్క. నేర్పేముందు తను దెబ్బ తిని నేర్చుకుంది.

నా పేరు భాగ్య. పుట్టింది కురవి దగ్గర, మెట్టింది జనగామ. పని నేర్చింది జనగామలో, పనిలో ముదిరింది భూపాలపల్లిలో, సొంత దుకాణం నడిపింది మహబూబాబాద్‌లో. మేం ఆ ఊరిని మానుకోట అంటాం. మాది మంగలి ఇల్లు. ఇప్పుడు కాయితాల మీద వేరే పేరు రాస్తున్నారు, మంచిదే. మా అత్తమ్మ కొమురవ్వ మాత్రం ఎవరడిగినా "మంగలి కొమురవ్వను" అని గొంతెత్తి చెప్పేది. ఆ గొంతు గురించి కూడా ఇందులో చెప్పాలి.

మేడం గీడం వద్దు

సరోజనక్కను భర్త వదిలేసి పోయాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఆయన్నే అడుగున్రి, దొరికితే నాకూ చెప్పున్రి" అనేది. కొన్నాళ్లు బట్టలు కుట్టింది. ఆ తర్వాత హైదరాబాదులో బ్యూటీషియన్ కోర్సు చేసి వచ్చి, జనగామలో బస్టాండుకు దగ్గర్లో ఒక గది కిరాయికి తీసుకుని పార్లర్ తెరిచింది. బోర్డు మీద తన పేరే రాయించుకుంది. మొగుడు వదిలేసిన ఆడది తన పేరుతో బోర్డు పెట్టుకోవడమే ఊరికి ఒక ముచ్చటైంది. ఇంక అద్దాల తలుపుకు లోపల పరదా కడితే చెప్పేదేముంది! ఆ పరదా వెనక ఏం చేస్తారోనని మగవాళ్లు పడిన పరేషాను అంతా ఇంతా కాదు.

కోర్సులో నేర్పినామె ప్రతి మాటకూ "రండి మేడం, కూర్చోండి మేడం" అనాలని చెప్పిందట. సరోజనక్క "కూసో అక్కా" అంటే క్లాసంతా నవ్వారట. సినిమాల్లో మన మాటను రౌడీలకూ పనిమనుషులకూ అంటగట్టిన కాలం కదా, నవ్వడం వాళ్లకు అలవాటే. సరోజనక్క కోర్సు పూర్తి చేసింది, సర్టిఫికెట్టు తెచ్చుకుంది, మేడంను మాత్రం అక్కడే వదిలేసి వచ్చింది.

నేను చేరిన మొదటి రోజే నాకు చెప్పింది.

"మేడం గీడం నా దుకానంల వద్దు. నీకంటే పెద్దదైతే అక్క. ముసలామె అయితే అవ్వ. చిన్నదైతే చెల్లె. వరుస గలిపినంకనే చెయ్యి మొఖం మీద వడాలె."

నాకు అప్పుడు నవ్వొచ్చింది. కానీ ఆ వరుసల వల్లే పల్లెల నుంచి ఆడవాళ్లు ధైర్యంగా లోపలికి వచ్చారు. కొందరు చెప్పులు గుమ్మం బయట విడిచి, గుడికి వచ్చినట్టు వచ్చేవాళ్లు. సరోజనక్క ఆ చెప్పులు తానే లోపలికి తెచ్చి పెట్టేది.

ఇంకో పట్టుదల ఉండేది ఆమెకు. పెళ్లిచూపులున్నాయి, పిల్లను తెల్లగా చెయ్యమని తల్లులు వచ్చేవాళ్లు. "అక్కా, నేను కడుగుత, మెరిపిస్త. రంగు మార్చుడు నాతోని కాదు. అయినా గీ రంగుకేమయింది?" అని ఎదురడిగేది. కొందరు కోపమొచ్చి లేచిపోయారు. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నా మాట కూడా అదే. తెలుపు అమ్మకండి. అమ్మడం మొదలుపెడితే నల్లగా పుట్టిన ప్రతి పిల్లకూ మీరు బాకీ పడతారు.

గోరు లేని మైలపోలు

అది తెలంగాణ కోసం అందరూ రోడ్డెక్కిన కాలం. ఇవాళ రాస్తారోకో, రేపు బందు, ఎల్లుండి వంటావార్పు. పెళ్లి ముహూర్తం పంతులు పెట్టేవాడు. ఎట్లా జరగాలో మాత్రం బందు చెప్పేది.

జనగామకు దగ్గరి ఊరిలో రజిత అనే పిల్ల పెళ్లి. సరోజనక్క చేతికి వచ్చిన పెద్ద పెళ్లి అదే. పెళ్లినాడు బందు ఉందని తెలిసి, వాళ్లు పిల్లను ముందురోజే దుకాణానికి తెచ్చారు. ఆ రోజు వేరే గిరాకీ లేదు. చేతిలో సమయం ఉంది, పిల్ల బంగారం లాంటిది. సరోజనక్కకు ఉత్సాహమొచ్చింది. చేతులు, కాళ్లు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, గోళ్లన్నీ వేలి కొసల దాకా కత్తిరించి, రాకి, నున్నగా చేసి, ఎర్ర రంగు వేసింది. రజిత తన చేతులు తానే తిప్పి తిప్పి చూసుకుంది. ఇదంతా నా కళ్ల ముందే జరిగింది. నాకూ ఏం తట్టలేదు. పార్లర్‌లో గోరు వేరు, ఇంట్లో అత్తమ్మ మాట్లాడే గోరు వేరు అన్నట్టుండేది నా బుర్రలో.

మా దిక్కు పెళ్లికి ముందు మైలపోలు తీస్తారు. పిల్లను పీట మీద కూర్చోబెట్టి, పసుపు పెట్టి, నలుగు పెట్టి స్నానం చేయిస్తారు. అందులో మంగలామె పిల్ల గోళ్లు తీయాలి. ఆ పని కాకుండా మైలపోలు కాదు, మైలపోలు కాకుండా పెళ్లి కాదు. ఆ ఊరి మంగలామె మా అత్తమ్మే. పంతులు కంటే ముందు పెళ్లికూతురి చేయి పట్టుకునే మనిషి తను. రజిత తల్లి పెళ్లికి కూడా గోళ్లు తీసింది తనే.

పెళ్లినాడు పొద్దున్నే నేనూ సరోజనక్కా స్కూటీ మీద పోయేసరికి వాకిట్లో అంతా సిద్ధంగా ఉంది. పక్కన చాటలో అత్తమ్మకు ఇచ్చే బియ్యం, ఎండు కొబ్బరి కుడుక, పసుపు కొమ్ములు, రవికె బట్ట పెట్టారు. అత్తమ్మ గోళ్లు తీసే చిన్న కత్తిని పాలలో ముంచి, రజిత కుడిచేయి పట్టుకుంది. ఒక్కొక్క వేలూ చూసింది. ఎడమ చేయి పట్టుకుంది. కాళ్లు చూసింది. తల పైకెత్తింది.

"గోరేది?"

ఎవరికీ అర్థం కాలేదు.

"గోరేదే అంటున్న. నేనేం తియ్యాలె?"

రజిత నాయనమ్మ వంగి చూసి నోటి మీద చేయి పెట్టుకుంది. "అయ్యో, గోర్లు తియ్యకుంట మైలపోలు ఎట్లయితది?" అన్నది. రజిత తండ్రికి పెళ్లివారి మీదే ధ్యాస. "తీసినట్టు చెయ్యి కొమురవ్వా, టైమయితున్నది" అన్నాడు.

"తీసినట్టు చేసుడేంది? మరి నీ అల్లునితోని గూడ పుస్తె గట్టినట్టు చేపిస్తవా?"

కొందరు నవ్వి, మళ్లీ నోరు మూసుకున్నారు. అప్పుడు వెనక నుంచి ఎవరో ఒకామె మామూలుగానే అన్నది, "గోర్లు ఇప్పుడు పార్లరోళ్లే తీస్తున్నరు గదా, ఇంక మంగలామె ఎందుకు?"

అత్తమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. తిట్టిన మాటకు తను ఎప్పుడూ జంకలేదు. ఇది తిట్టు కూడా కాదు. ఆ మాట నలుగురిలో నిలబడితే తనకు ఏ వాకిట్లోనూ పీట ఉండదు. ఆ సంగతి తన ముఖంలో నాకు కనిపించింది. సరోజనక్కకూ కనిపించింది. జనంలో నుంచి ముందుకొచ్చింది.

"ఆ మాట ఎవలూ అనకున్రి. తప్పు నాది. తెలువక తీసిన. గోర్లు కొమురవ్వయి."

అత్తమ్మ ఆమె వైపు చూడలేదు. రజిత ఎడమ చేయి మళ్లీ పట్టుకుని, చిటికెన వేలి మీది ఎర్ర రంగును కత్తితో మెల్లగా గీకింది. అడుగున బయటపడ్డ కొసను వెంట్రుకవాసి తీసింది. పిల్ల అబ్బా అన్నది. "అయింది బిడ్డా" అన్నది అత్తమ్మ. తన పని తను చేసింది. కానీ లేచిపోయేటప్పుడు చాట ముట్టుకోలేదు. రజిత తల్లి వెంటపడితే, "గీకినదానికి కట్నమేంది?" అని నడిచి వెళ్లిపోయింది. ఆ చాట అట్లాగే వాకిట్లో ఉండిపోయింది. ఆ రోజు రజితకు సరోజనక్క కట్టిన చీర, వేసిన జడ ఊరంతా మెచ్చుకుంది. ఆమె ఒక్క మాటా చెవిన పెట్టలేదు.

నీకెంత ఇడిసిపెట్టాలె

ఇంటికి రాగానే అత్తమ్మ నాతో అన్నది ఒకటే మాట. "రేపటి సంది ఆ రంగుల దుకానానికి పోవద్దు."

మా ఆయన సెలూన్‌లో పని చేస్తాడు. తల్లికి ఎదురు చెప్పే రకం కాదు. నాకు ఏడుపొచ్చింది. నా చేతికి ఒక పని దొరికిందని, అందులో నేను మంచిదాన్నవుతానని అప్పుడప్పుడే తెలుస్తోంది నాకు. అదీ పోయిందనుకున్నాను.

తెల్లారి సరోజనక్క మా ఇంటికి వచ్చింది. అత్తమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. రమ్మనలేదు, కూర్చోమనలేదు. సరోజనక్క తనే కింద మట్టిలో కూర్చుంది.

"అవ్వా, నేను చీర తేలె, పండ్లు తేలె. మాట అడుగనీకి వచ్చిన. నీకెంత ఇడిసిపెట్టాలె?"

"ఏం ఇడుస్తవ్?"

"గోరు."

చాట ఆగింది. అత్తమ్మ ఆమె దిక్కు తిరిగింది. తన ఎడమ చేయి చాపి, చిటికెన వేలు మాత్రం నిలబెట్టింది.

"గిది. గిదొక్కటి ముట్టకు. మిగిలినయి ఏ రంగన్న ఏస్కో, పిల్లలకు షోకుంటది, నేను కాదన. గిది నాది."

"పెండ్లిపిల్ల ఎవలైనా?"

"ఎవలైనా. ఆడికి మంగలామె వచ్చినా రాకున్నా."

"సరే అవ్వా. మరి భాగ్య?"

"తోల్కపో. ఇంట్ల మూతి ముడుసుకోని కూసుంటున్నది, సూడబుద్ధయితలేదు."

ఆ రోజు నుంచి మా దుకాణంలో అది కట్టుబాటైంది. కొత్తగా పనిలోకి వచ్చిన పిల్లకు కనుబొమ్మలు తీసే దారం పట్టడం కంటే ముందు ఆ మాట చెప్పేది సరోజనక్క. పెళ్లిపిల్ల ఎడమ చేతి చిటికెన వేలు ముట్టొద్దు. రంగు వేయొద్దు, రాకొద్దు. పెళ్లిపిల్లలు మొత్తుకునేవాళ్లు. "ఫోటోల పడుతది అక్కా!" "పడనీ. ఎవలన్న అడిగితే, గది మా మంగలవ్వదని చెప్పు." కొందరు అలిగి వేరే దుకాణానికి పోయారు. ఎక్కువమంది మాత్రం ఆ పేరు మీదనే వచ్చారు. పెద్దవాళ్ల మర్యాద తెలిసిన పార్లర్ అని నాయనమ్మలే మనవరాళ్లను పట్టుకొచ్చారు. సరోజనక్క మంచి వ్యాపారి కూడా, మరిచిపోవద్దు. కానీ ఆ వేలు వదిలిపెట్టిన నాడు లాభం తెలిసి వదల్లేదు.

అత్తమ్మ అన్న మాట నిలబెట్టుకుంది. కానీ దుకాణం గడప మాత్రం తొక్కలేదు. నాకు సద్ది ఇవ్వడానికి వచ్చినా రోడ్డు మీద నిలబడి పిలిచేది. ఎవరడిగినా, "మా కోడలు ఆ రంగుల దుకానంల ఉంటది" అనేది. ఉంటది అనేది తప్ప, పని చేస్తది అని ఎప్పుడూ అనలేదు. ఆ తేడా నాకు లోపల ముల్లులా ఉండేది.

చౌరస్తాలో కుర్సీ

ఉద్యమం ముదిరిన కొద్దీ ధర్నాలకు పల్లెల నుంచి ఆడవాళ్లు ట్రాక్టర్లెక్కి వచ్చేవాళ్లు. మైకులున్నాయి, టెంట్లున్నాయి, నాయకులున్నారు. ఆడవాళ్లకు ఒంటికి పోయే చోటు ఎవరికీ గుర్తుకు రాలేదు. సరోజనక్క బందు నాడు దుకాణం షట్టరు సగం దించి, బాత్రూం తాళం తీసి, నీళ్లు నింపి పెట్టేది. మేం వరుస చూసేవాళ్లం. ధర్నాలలో ఎవరేం మాట్లాడారో ఆ ఆడవాళ్లకు గుర్తుందో లేదో కానీ, ఆ తలుపు మాత్రం గుర్తుంటుంది. చౌరస్తా నుంచి, "పార్లరక్క దుకానమేడ" అని అడుగుతూ వచ్చేవాళ్లు.

చౌరస్తాలో దీక్ష టెంటు వేసి, రోజుకొక పనివాళ్లు కూర్చునేవాళ్లు. గీతపనివాళ్లు మోకులతో, గొల్లలు గొంగళ్లతో వచ్చారు. చాకలివాళ్లు రోడ్డు మీదే ఇస్త్రీ చేశారు. మావాళ్లు కుర్సీలు వేసి గడ్డాలు గీశారు. చూడముచ్చటగా ఉండేది. ఎవరి పని వాళ్ల చేతిలో పట్టుకుని, ఈ పని చేసేవాళ్లం మేం, మా రాష్ట్రం మాకు కావాలని చెప్పడం.

సరోజనక్క నన్ను వెంటబెట్టుకుని టెంటుకు పోయింది. వరుసలు రాసుకునే పెద్దమనిషి ఒక పంతులు సారు. "మాకూ ఒక దినం ఇయ్యున్రి సారూ" అన్నది. సారు ఏమీ అనకముందే పక్కనున్నవాళ్లు నవ్వారు. "పార్లరోళ్లకు దీక్షేంది? రోడ్డు మీద పౌడర్లు పూస్తరా?" మా కులం పెద్దమనిషి కూడా అక్కడే ఉన్నాడు. "ఆడోళ్ల షోకులు మా పనిల కలువయి" అని నన్ను చూసి మొఖం తిప్పుకున్నాడు. సరోజనక్క అందుకుంది.

"మీరు గడ్డం గీస్తే పని, మేము కనుబొమ్మ తీస్తే షోకానే అన్నా? ఆ గడ్డం గీసుకునేటోడు ఏం దున్ననీకి పోతడు?"

సారుకు నవ్వాగలేదు. "ఎల్లుండి కూసోన్రి" అని రాసుకున్నాడు.

మా దుకాణం కుర్సీ ఆటోలో ఎక్కించుకుని పోయాం. పైకీ కిందికీ జరిగే ఆ కుర్సీని చౌరస్తాలో టెంటు ముందర పెట్టాం. మానుకోట దిక్కు నుంచీ, హన్మకొండ నుంచీ కూడా పార్లర్లు నడిపే ఆడవాళ్లు వచ్చారు. అందరం వరుసగా కూర్చున్నాం. సరోజనక్క దారం కొస పళ్ల మధ్య పట్టుకుని కుర్సీ వెనక నిలబడింది. ఇంక ఎవరైనా వచ్చి కూర్చోవాలి.

ఎవరూ కూర్చోలేదు.

ఎట్లా కూర్చుంటారు? పరదా వెనక చేయించుకునే పని అది. ఇక్కడ చుట్టూ మగవాళ్లు, చేతుల్లో ఫోన్లు. మా దుకాణానికి నెలనెలా వచ్చే ఆడవాళ్లు కూడా జనంలో ఉన్నారు. నేను చూస్తే తల దించుకున్నారు. ఎండ పెరిగింది. ఖాళీ కుర్సీ మీద పిల్లగాళ్లు జోకులు మొదలుపెట్టారు. సరోజనక్క దారం నోట్లోంచి తీయలేదు. అన్నేళ్లలో ఆమె ఓడిపోతుందేమోనని నేను భయపడింది ఆ ఒక్కరోజే.

జనాన్ని తోసుకుంటూ ఒక ముసలామె వస్తోంది. కుచ్చిళ్లు దోపుకుని, అడ్డమొచ్చిన వాళ్లను మోచేత్తో జరుపుతూ. మా అత్తమ్మ.

నేరుగా వచ్చి కుర్సీ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. ఎక్కి కూర్చుంది. ఆ కుర్సీ కొంచెం కిందికి దిగింది. "ఓర్నీ, గిదేంది గుంజుతున్నది!" అని చేతులు గట్టిగా పట్టుకుంది. నవ్వుతున్న వాళ్ల దిక్కు తిరిగింది.

"ఏందిరా ఇకిలిస్తున్నరు? పనోళ్లు కూసున్నరు. పని లేకుంట ఎట్ల కూసుంటరు?"

పనోళ్లు అన్నది. మా అత్తమ్మ. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇప్పుడు రాస్తుంటే కూడా తిరుగుతున్నాయి.

సరోజనక్క దారం తీసి, "ఏం చెయ్యాలె అవ్వా?" అన్నది.

అత్తమ్మ రెండు చేతులూ చాపింది. "గోర్లు తియ్యి. ఊరందరికి తీసిన. నాకు ఎవలు తీసిన్రు?"

సరోజనక్క ఆమె ముందు రోడ్డు మీద కూర్చుంది. ఆ చేతులు ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క గోరూ తీసింది. పెళ్లికూతురికి తీసినంత నిమ్మళంగా తీసింది. ఎడమ చేతి చివరికి వచ్చి సరోజనక్క కత్తెర పక్కన పెట్టింది. అత్తమ్మ తన చేయి ఎత్తి చూసుకుంది. చిటికెన వేలి గోరు అట్లాగే ఉంది.

"నీ అవ్వ! నేనేమన్న పెండ్లిపిల్లనా?" అని పడీపడీ నవ్వింది. సరోజనక్కా నవ్వింది, ఏడ్చింది, రెండూ ఒకటేసారి. జనమంతా జై తెలంగాణ అన్నారు. ఆ వెనకే మా గిరాకీ ఆడవాళ్లు ఒక్కొక్కరే కొంగు సర్దుకుని వచ్చి వరుసలో నిలబడ్డారు. సాయంత్రం దాకా కుర్సీ ఖాళీ కాలేదు. మా కులం పెద్దమనిషి మాకు తన గొడుగు తెచ్చి ఇచ్చాడు.

నా పని ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ రోజు గురించే చెబుతాను. రాష్ట్రం వచ్చిన నాటికంటే ఆ దినమే నాకు ఎక్కువ గుర్తు.

కత్తి నా చేతికి

తర్వాత సరోజనక్క భూపాలపల్లిలో రెండో దుకాణం తెరిచి నన్ను పంపింది. బొగ్గుబాయి పని చేసే కుటుంబాల క్వార్టర్ల దగ్గర. కత్తెర పట్టినోడికి ఏ ఊరైనా ఒకటే అని మా ఆయన కూడా వచ్చాడు. బయలుదేరే రోజు అత్తమ్మ తన కత్తి నా సంచిలో పెట్టింది. "నాకు ఇంకోటి ఉన్నది తియ్" అన్నది. లేదని నాకు తెలుసు.

ఎందుకిచ్చిందో అక్కడికి పోయాక అర్థమైంది. క్వార్టర్లలో ఉండేవాళ్లు నలుదిక్కుల ఊర్ల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల మంగలామె సొంతూర్లోనే ఉండిపోయింది. ఒక పెళ్లిలో నేను అలవాటు కొద్దీ చిటికెన వేలు వదిలిపెట్టాను. పిల్ల తల్లి చూసి, "గిదెందుకు ఇడిసినవ్ చెల్లె?" అన్నది. చెప్పాను. ఆమె పీట దగ్గర కూలబడి ఏడ్చింది. "మా ఊర్ల అయితే తీద్దురు. ఈడ ఎవలున్నరు మాకు?" అన్నది. నేను చేతులు కడుక్కుని, సంచిలోంచి కత్తి తీసి, పాలలో ముంచాను. అంతవరకూ నేను ముఖం దిద్దే మనిషిని. ఆ రోజు నుంచి రెండు పనులూ నావే అయ్యాయి.

మానుకోటలో సొంత దుకాణం పెట్టుకున్నాక మాత్రం ఆ కట్టుబాటు నన్ను ఒకసారి ఇరకాటంలో పెట్టింది. బయ్యారం దిక్కు ఒక తండా నుంచి లంబాడీ పెళ్లిపిల్లను తెచ్చారు. నేను రంగు వేసేసరికి ఆ పిల్ల తొమ్మిది గోళ్లు మెరుస్తున్నాయి, ఒకటి మోడుగా ఉంది. వాళ్ల యాడి, అంటే తల్లి, తమ భాషలో ఏదో అని పకపకా నవ్వింది. తర్వాత తెలుగులో, "ఒక్కదానికి పైసలు తక్కువనా అక్కా?" అని అడిగింది. మా కట్టుబాటు చెబితే, మాకు అట్లాంటిది లేదన్నది. పెళ్లిపిల్ల ఎవరైనా అని అత్తమ్మకు మాటిచ్చాం కదా, ఏం చేయాలో తోచక సరోజనక్కకు ఫోన్ చేశాను.

"వాళ్లకు లేనిది వాళ్ల మీద రుద్దుడెందుకే? తియ్యి. ఒక ముచ్చట యాద్వెట్టుకో భాగ్యా. ఆ పెండ్లిల ముందుగాల ఎవల చెయ్యి వడాలెనో అడుగు. అడిగినంకనే నీ చెయ్యి వెట్టు."

అడిగాను. పెళ్లిపిల్ల జుట్టుకు వెండి సొమ్ములు తానే కట్టాలని, దువ్వినా సరే ఆ చోటు ముట్టొద్దని వాళ్ల అవ్వ చెప్పింది. నేను ఆ చోటు వదిలిపెట్టి జడ వేశాను. ఆ తండా నుంచి చివరి దాకా నాకు గిరాకీ తప్పలేదు.

పనిలోకి వచ్చే పిల్లలూ, మీరు దుకాణం పెట్టేముందు నేర్చుకోవాల్సింది ఇదే. అడగండి. ఫేషియల్ ఎవరైనా చేస్తారు.

ఎందుకో తెల్వదు ఆంటీ

అత్తమ్మ పోయింది. కొన్నేళ్లకు సరోజనక్క కూడా పోయింది. మొగుడు వదిలేసిన ఆడవాళ్లకూ, మొగుడు పోయిన ఆడవాళ్లకూ ఆమె ఫీజు లేకుండా పని నేర్పింది. ఆ రోజు వాళ్లంతా వచ్చారు. జనగామ, హన్మకొండ, భూపాలపల్లి, ఎక్కడెక్కడి నుంచో. ఎంతమంది వచ్చారో నేను లెక్కపెట్టలేదు. ఆ వీధిలో చెప్పులు పట్టలేదు. ఊర్లో పార్లర్లన్నీ ఆ రోజు మూశారు. ఎవరూ బందు పిలవలేదు.

మొన్న చలికాలంలో జనగామ నుంచి ఫోన్ వచ్చింది. రజిత. ఆనాటి ఆ గోరు లేని పెళ్లికూతురే. తన అన్న బిడ్డ పెళ్లట. "కొమురవ్వ లేదు గదా వదినా, నువ్వే వచ్చి గోర్లు తియ్యాలె" అన్నది. అత్తమ్మ కత్తి సంచిలో వేసుకుని పోయాను.

ఫంక్షన్ హాలులో పిల్లను తయారు చేస్తున్నది హన్మకొండ నుంచి వచ్చిన ఒక చిన్న పిల్ల. నా కళ్లకు ఇంకా స్కూలుకు పోయే వయసే అనిపించింది. పెద్ద పెట్టె నిండా సామాను, చుట్టూ లైట్లు. నన్ను చూసి, "ఆంటీ, జర పక్కకు ఉండున్రి, వీడియో తీస్తున్నరు" అన్నది. ఉన్నాను. వయసులో మేమూ అట్లాగే ఉరికాం.

నా వంతు వచ్చింది. పీట మీద కూర్చున్న పిల్ల చేయి పట్టుకున్నాను. పొడుగు గోళ్లు, మెరిసే రంగులు, వాటి మీద చిన్న చిన్న ముత్యాలు. వీటిని నేనేం తీయాలి అనుకున్నాను. రజిత నా ముఖం చూసింది. ఆమెకూ అదే గుర్తొచ్చి ఉంటుంది. ఎడమ చేయి తిప్పాను.

చిటికెన వేలికి ఏమీ లేదు. రంగు లేదు, ముత్యం లేదు. గోరు పెరిగినంత పెరిగి, అట్లాగే ఉంది.

ఆ పిల్లను పిలిచాను. "ఇది ఎందుకు ఇడిసినవ్ బిడ్డా?"

ఆ పిల్ల భయపడింది. "తప్పయిందా ఆంటీ? మా మేడం చెప్పిన్రు. వాళ్లకు వాళ్ల మేడం చెప్పిన్రట. పెండ్లిపిల్ల ఎడమ చిటికెన వేలు ముట్టొద్దని. ఎందుకో తెల్వదు ఆంటీ."

"ఆ మేడంకు ఎవలు చెప్పిన్రు?"

"గది కూడ తెల్వదు."

నేను కత్తి పాలలో ముంచాను. రజిత నా భుజం మీద చేయి వేసింది.

"ఈ గోరు మా అత్తమ్మది బిడ్డా. కొమురవ్వ. దాన్ని ఉంచింది మా సరోజనక్క" అన్నాను.

తీశాను. కొస తెగి పీట మీద పడింది. వాకిట్లో డప్పులు మొదలయ్యాయి, ముహూర్తం దగ్గర పడుతోందని అందరూ తొందరపెట్టారు. రజిత చాట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. బియ్యం, కుడుక, పసుపు కొమ్ములు, రవికె బట్ట. అందులో సగం అత్తమ్మ ఆనాడు వదిలేసి పోయినవే అనిపించింది. రెండు చేతులా తీసుకున్నాను.

హన్మకొండ పిల్ల ఇంకా నా పక్కనే నిలబడి ఉంది. "వాళ్లు ఎవలు ఆంటీ? చెప్పున్రి" అని అడిగింది. లోపలి నుంచి ఆమెను పిలుస్తున్నారు, పిల్లకు చీర మార్చాలట. "పో బిడ్డా, నీ పని నువ్వు చూస్కో, నేను రాసి పంపుత" అన్నాను.

రాశాను బిడ్డా. ఇదే.